ఫ్రెంచి వైన్లు: నేల, పేరు, రుచి

ద్రాక్షపండ్ల రసం పులియగా తయారయ్యే మద్యాన్ని వైన్ అంటారు. ఎన్నో దేశాలు వైన్ తయారుచేస్తున్నా, ఆ విద్యకు పరిభాషను, కొలమానాలను, అభిరుచిని సమకూర్చిన దేశంగా ఫ్రాన్సు పేరే ముందు వినబడుతుంది. అమెరికా, ఆస్ట్రేలియా వైన్ల సీసాల మీద సాధారణంగా ద్రాక్ష రకం పేరు పెద్ద అక్షరాల్లో ఉంటే, ఫ్రెంచి సీసాల మీద చాలావరకు ఊరి పేరు, కొన్నిచోట్ల ఒకే ఒక్క చేని పేరు ఉంటుంది. షబ్లీ, సాన్సెర్, పొమార్, మార్గో అన్నవి వైన్ల పేర్లుగా లోకానికి తెలిసినా అవన్నీ మొదట గ్రామాల, చిన్న పట్టణాల పేర్లే. గ్లాసులో కనిపించే రంగును, ముక్కుకు అందే పరిమళాన్ని, నాలుక మీది పులుపును, చిగుళ్లను పట్టే వగరును ఒక నేలకు ముడిపెట్టి, ఆ నేలకు హద్దులు గీసి, ఆ పేరును చట్టంతో కాపాడుకుంటూ రావడమే ఫ్రెంచి వైన్ సంస్కృతి సాధించిన గొప్ప విజయం. అందువల్ల ఈ విషయంలోకి కొత్తగా వచ్చేవారు వందలాది పేర్లను కంఠస్థం చేయడానికి పూనుకోకుండా, ఏ అనుభూతి ఏ కారణం వల్ల, ఏ చోటి నుంచి వస్తున్నదో గమనించడంతో మొదలుపెడితే మేలు.

పండు నుంచి సీసాలోకి

తినే ద్రాక్షలూ వైన్ ద్రాక్షలూ చాలావరకు వైటిస్ వినిఫెరా అనే ఒకే జాతికి చెందినవి. అయితే హైదరాబాదు చుట్టుపక్కల ఒకప్పుడు విరివిగా పండించిన అనాబ్-ఎ-షాహీ వంటి తినే ద్రాక్షలు పెద్ద పండ్లుగా, కండతో ఉంటే, వైన్ ద్రాక్షలు చిన్నవిగా, మందమైన తొక్కతో, గింజలతో ఉండి, చక్కెరనూ ఆమ్లాన్నీ ఎక్కువ మోతాదులో నింపుకొని ఉంటాయి. కొన్ని రకాలను మినహాయిస్తే నల్లద్రాక్షల రసానికి రంగు ఉండదు. రంగంతా తొక్కలోనే ఉంటుంది. నల్లద్రాక్షను తొక్కతో సహా పులియబెడితే ఎర్ర వైన్, తొక్కను కొద్ది గంటలు మాత్రమే రసంలో నాననిచ్చి తీసేస్తే రోజే అనే గులాబీరంగు వైన్, పండ్లను వెంటనే పిండి రసాన్ని మాత్రమే పులియబెడితే తెల్ల వైన్ తయారవుతాయి. నల్లద్రాక్ష నుంచి తెల్ల వైన్ తీయడం ఈ కారణం వల్లనే సాధ్యమవుతుంది. షాంపేన్‌లో అధికభాగం ఇలా వచ్చినదే.

పండు తొక్క మీద, వైన్ గదుల్లో సహజంగా ఉండే ఈస్టు గాని, ప్రత్యేకంగా కలిపిన ఈస్టు గాని రసంలోని చక్కెరను ఆల్కహాల్‌గా, బొగ్గుపులుసు వాయువుగా మారుస్తుంది. లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెర పులిస్తే ఒక శాతం ఆల్కహాల్ వస్తుంది కాబట్టి, 13 శాతం ఆల్కహాల్ ఉన్న వైన్ వెనుక లీటరుకు 220 గ్రాముల చక్కెర నిండిన పండు ఉందన్నమాట. చక్కెర అంతా పులిసిపోతే తీపి లేని వైన్, పులవడం మధ్యలో ఆగిపోయి కొంత మిగిలితే తీపి వైన్ ఏర్పడతాయి. ఆ తర్వాత చాలా వైన్లలో బాక్టీరియా వల్ల మరో మార్పు జరుగుతుంది. పచ్చి ఆపిల్‌ను గుర్తుచేసే కరకు మాలిక్ ఆమ్లం, పెరుగులో ఉండే మెత్తని లాక్టిక్ ఆమ్లంగా మారి, పులుపు తగ్గి, కొన్ని తెల్ల వైన్లకు వెన్న వాసన కూడా వస్తుంది.

మేలైన వైన్లను ఓక్ చెక్కతో చేసిన పీపాల్లో నెలల తరబడి నిలవ ఉంచుతారు. బోర్దో ప్రాంతపు పీపాలో 225 లీటర్లు, అంటే 300 సీసాలకు సరిపడా వైన్ పడుతుంది. పీపా చేసేటప్పుడు లోపలివైపు నిప్పు సెగ తగిలిస్తారు. ఆ చెక్క నుంచి వనిల్లా, లవంగం, పొగ వాసనలు వైన్‌లోకి దిగుతాయి. చెక్క ద్వారా అతి స్వల్పంగా లోపలికి చేరే గాలి వైన్‌లోని కరకుదనాన్ని మెల్లగా తగ్గిస్తుంది. పీపా వాసన పండు వాసనను మింగేస్తే అది తయారీదారుని లోపమే తప్ప గొప్పతనం కాదు. ఈ విషయంలో ఖరీదైన సీసాలకూ మినహాయింపు లేదు.

కన్ను, ముక్కు, నోరు

వైన్ రుచి చూడటం మూడు మెట్లలో సాగుతుంది. మొదటిది చూపు. తెల్లని గుడ్డ మీదుగా గ్లాసును కొద్దిగా వంచి చూస్తే, లేత తెల్ల వైన్ పచ్చని ఛాయతో మెరుస్తుంది; వయసు పెరిగేకొద్దీ గడ్డి రంగు నుంచి బంగారు వన్నెకు, చివరకు తేనె రంగుకు చేరుతుంది. ఎర్ర వైన్ దారి దీనికి విరుద్ధం. అది ఊదా రంగుతో మొదలై, ముదిరేకొద్దీ రంగు వదిలి, అంచుల దగ్గర ఇటుక వన్నెకు తిరుగుతుంది. రంగుపదార్థాలు ఒకదానితో ఒకటి కలిసి బరువెక్కి సీసా అడుగున మడ్డిగా దిగడమే ఇందుకు కారణం. అందువల్ల కంటితోనే వయసును, కొంతవరకు ద్రాక్ష రకాన్ని కూడా ఊహించవచ్చు. పీనో న్వార్ అనే ద్రాక్ష వైన్ గ్లాసు అవతలి అక్షరాలు కనిపించేటంత పలచగా ఉంటే, సిరా అనే ద్రాక్ష వైన్ సిరాలాగే చిక్కగా ఉంటుంది.

రెండవది వాసన. వైన్ ఆకర్షణలో అధికభాగం ముక్కుకు సంబంధించినదే. గ్లాసును గుండ్రంగా తిప్పితే వైన్ గాలిలో ఎక్కువ మేర పరుచుకొని, తేలికగా ఆవిరయ్యే పదార్థాలు పైకి లేస్తాయి; పైభాగం సన్నగా ఉండే తులిప్ ఆకారపు గ్లాసు వాటిని చెదిరిపోకుండా పట్టి ఉంచుతుంది. నాలుక గుర్తించగలిగే రుచులు కొద్ది మాత్రమే. మింగేటప్పుడు నోటి వెనుక నుంచి ముక్కులోకి ఎక్కే ఆవిరులనే మనుషులు పండు రుచిగా, సుగంధద్రవ్యాల రుచిగా భావిస్తారు. జలుబు చేసినప్పుడు వైన్ కేవలం పుల్లని నీళ్లుగా అనిపించడానికి ఇదే కారణం.

వైన్‌లో గులాబీ, జామ, మిరియాలు ఉన్నాయని చెప్పేవారి మాటలు కొత్తవారికి కల్పనగా తోచవచ్చు గాని, వాటిలో చాలావాటికి రసాయనశాస్త్రం ఆధారం చూపింది. అల్సాస్ ప్రాంతపు గెవుర్జ్‌త్రామినర్ వైన్‌లో గులాబీకీ లిచీ పండుకూ సువాసననిచ్చే పదార్థమే ఉంది. సోవిన్యో బ్లాన్ వైన్‌లోని కొన్ని గంధక సమ్మేళనాలు జామపండులోనూ ఉన్నాయి. సరిగా ముదరని కబెర్నే సోవిన్యో ద్రాక్షలో వచ్చే పచ్చి వాసనకు కారణమైన పదార్థం కూరగాయల అంగట్లో దొరికే బుట్టమిరపలోనిదే. సిరాలోని మిరియాల వాసనకు మూలమైన రోటండోన్ అనే పదార్థాన్ని 2008లో ఆస్ట్రేలియా పరిశోధకులు గుర్తించారు. అది నల్ల మిరియాలలో ఉన్నదే. ఆ పరిశోధనలో పాల్గొన్నవారిలో ఐదింట ఒక వంతు మందికి ఆ వాసన ఎంత మోతాదులో ఇచ్చినా తెలియలేదు. ఇద్దరు మనుషులు ఒకే వైన్‌ను వేర్వేరుగా వర్ణిస్తే, ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చునని దీనివల్ల స్పష్టమవుతుంది.

మూడవది నోరు. ఇక్కడ తీపి, పులుపు, కొద్దిగా చేదు నాలుకకు తెలిస్తే, వగరు మాత్రం స్పర్శగా తెలుస్తుంది. తొక్కల నుంచి, గింజల నుంచి, ఓక్ చెక్క నుంచి వచ్చే టానిన్లు అనే పదార్థాలు లాలాజలంలోని మాంసకృత్తులను పట్టుకొని నోటిలోని జారుడుతనాన్ని తీసేస్తాయి. సగం పండిన నేరేడు పండు తిన్నప్పుడు నాలుక పట్టేసినట్టే లేత బోర్దో ఎర్ర వైన్ తాగినప్పుడూ నోరు పట్టేస్తుంది. సంవత్సరాలు గడిచేకొద్దీ ఈ వగరు మెత్తబడి పట్టుగుడ్డ తాకిడిగా మారడం, అదే సమయంలో పచ్చిపండు వాసనల స్థానంలో తోలు, పొగాకు, పుట్టగొడుగు, వాన పడిన అడవి నేల వాసనలు పుట్టడం పాత వైన్ల కోసం ప్రజలు అంత డబ్బు వెచ్చించడానికి అసలు కారణాలు. ఆల్కహాల్ గొంతులో వెచ్చదనాన్నీ, నోటిలో బరువునూ ఇస్తుంది. పులుపు లాలాజలాన్ని ఊరించి మరో గుక్కను కోరుతుంది. మింగిన తర్వాత రుచి ఎంతసేపు నిలిచిందన్నది నాణ్యతకు నమ్మదగిన గుర్తు.

అయితే ఇంద్రియాలు ఒకదానినొకటి మోసగిస్తాయన్న సంగతి కూడా ఈ రంగంలోనే బాగా రుజువైంది. బోర్దో విశ్వవిద్యాలయంలో వైన్ శాస్త్రం చదువుతున్న 54 మందికి ఒక తెల్ల వైన్‌ను, అదే వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపిన మరో గ్లాసును ఇచ్చి వర్ణించమన్నారు. 2001లో ప్రచురితమైన ఆ పరిశోధన ప్రకారం, రంగు కలిపిన తెల్ల వైన్‌ను వారు ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారు. దీన్ని చూపి వైన్ రుచి అంతా బూటకమని తేల్చేవారున్నారు గాని, ఆ తీర్పు సరికాదు. మెదడు కన్ను చెప్పినది ముందుగా నమ్మి, ముక్కు చెప్పినదాన్ని దానికి అనుగుణంగా మలుచుకుంటుందన్నదే ఆ పరిశోధన సారాంశం. సీసా పేరు, ధర తెలియకుండా రుచి చూడటం ఎందుకు అవసరమో కూడా అది చెబుతుంది.

నేల మహిమ

ఒక చోటి మట్టి, రాయి, వాలు, ఎండ, గాలి, వాన, అక్కడివారి పంట అలవాట్లు అన్నీ కలిసి పండుకు ఇచ్చే ప్రత్యేకతను ఫ్రెంచివారు తెర్వార్ అంటారు. మట్టి రుచి నేరుగా పండులోకి ఎక్కుతుందని దీని అర్థం కాదు. నీటిని ఎంత పట్టి ఉంచుతుంది, ఎంత త్వరగా వేడెక్కుతుంది, వేళ్లు ఎంత లోతుకు దిగగలవు అన్న లక్షణాల ద్వారానే నేల ప్రభావం ఎక్కువగా పనిచేస్తుంది. సారవంతమైన నేలలో ద్రాక్షతీగ ఆకులు దట్టంగా వేసి రుచిలేని పండ్లు కాస్తుంది. బీదనేలలో కష్టపడి కొద్దిపాటి పండ్లలోనే సారమంతా నింపుతుంది.

ఈ భావనను చివరి అంచుకు తీసుకువెళ్లిన ప్రాంతం బర్గండీ. దీజోన్ నగరం నుంచి దక్షిణంగా సుమారు 50 కిలోమీటర్ల పొడవున సాగే సన్నని సున్నపురాతి కొండవాలు మీద, తూర్పు ఎండకు అభిముఖంగా ఉన్న చేలలో ఎర్ర వైన్‌కు పీనో న్వార్, తెల్ల వైన్‌కు షార్దొనే అనే రెండు ద్రాక్షలే ప్రధానంగా పండుతాయి. ద్రాక్ష ఒకటే అయినప్పుడు తేడా అంతా చోటులోనే కనిపించాలి. అది నిజంగానే కనిపిస్తుంది. వాలు అడుగున బరువైన మట్టిలో పండినది ఊరి పేరుతో, నడిమి వాలులో పండినది ప్రత్యేకమైన చేని పేరుతో అమ్ముడవుతాయి. 1098లో స్థాపితమైన సీతో మఠానికి చెందిన సిస్టర్షియన్ సన్యాసులు ఇక్కడి చేలను తరాల తరబడి సాగుచేసి, క్లో ద వూజో అనే తోటకు రాతిగోడ కట్టారు. 1395లో బర్గండీ ప్రభువు ఫిలిప్ ద బోల్డ్, విరివిగా కాసే గామే అనే ద్రాక్షను తన నేలల నుంచి పెరికివేయాలని ఆజ్ఞాపించి పీనో న్వార్‌కు పట్టం కట్టాడు. గామే మాత్రం నశించలేదు. దక్షిణాన బోజొలే కొండల గ్రానైటు నేలలో అది తనకు తగిన ఇల్లు వెతుక్కొంది.

ఫ్రెంచి విప్లవకాలంలో మఠాల భూములు స్వాధీనమై అమ్ముడుపోగా, ఆ తర్వాత నెపోలియన్ చట్టం ప్రకారం ఆస్తిని బిడ్డలందరికీ సమంగా పంచవలసి రావడంతో బర్గండీ చేలు ముక్కలు ముక్కలయ్యాయి. సుమారు 50 హెక్టార్ల క్లో ద వూజోకు నేడు 80 మంది వరకు యజమానులు ఉన్నారు. అందువల్ల ఇక్కడ చేని పేరు ఎంత ముఖ్యమో, సీసా మీద ఉత్పత్తిదారుని పేరూ అంతే ముఖ్యం. రెండు హెక్టార్లు కూడా లేని రొమానే-కోంతీ చేని వైన్ ప్రపంచంలో అత్యధిక ధరకు అమ్ముడయ్యే వాటిలో ఒకటి. చేని పేరుకున్న విలువ ఎంతటిదంటే, జెవ్రే అనే గ్రామం తన ప్రసిద్ధమైన షాంబెర్తాన్ చేని పేరును 1847లో తన పేరుకు తగిలించుకొని జెవ్రే-షాంబెర్తాన్ అయింది. క్లిమా అని పిలిచే ఈ చేల సముదాయాన్ని యునెస్కో 2015లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

బోర్దో స్వభావం దీనికి పూర్తిగా భిన్నం. బర్గండీ సన్యాసుల, రైతుల ప్రాంతమైతే బోర్దో వర్తకుల, ఓడల ప్రాంతం. 1152లో అక్విటేన్ పాలకురాలు ఎలినార్, రెండేళ్ల తర్వాత ఇంగ్లండు రాజైన హెన్రీని పెళ్లాడటంతో ఈ ప్రాంతం ఇంగ్లండు ఏలుబడిలోకి వెళ్లి, 1453 వరకు మూడు వందల ఏళ్లు అలాగే ఉండటం వల్ల ఇక్కడి వైన్‌కు సముద్రం అవతల స్థిరమైన అంగడి దొరికింది. ఇక్కడ ఒకే ద్రాక్షను నమ్ముకోరు. కబెర్నే సోవిన్యో, మెర్లో, కబెర్నే ఫ్రాన్ వంటివాటిని విడివిడిగా పులియబెట్టి ఆపై కలుపుతారు. గారోన్, దోర్దోన్యు నదులు కలిసిన జిరోండ్ పాయకు ఎడమ గట్టున మెదోక్‌లో గులకరాళ్ల నేల త్వరగా వేడెక్కి నీటిని నిలవనీయదు కాబట్టి, ఆలస్యంగా పండే కబెర్నేకు అది అనువుగా ఉండి, బ్లాక్‌కరెంట్ పండు, దేవదారు చెక్క వాసనలతో, గట్టి వగరుతో వైన్ వస్తుంది. దోర్దోన్యు కుడి గట్టున సెంతెమిలియాన్, పొమెరోల్ దగ్గర బంకమట్టి, సున్నపురాయి నేలలో ముందుగా పండే మెర్లో ఎక్కువ. అక్కడి వైన్ గుండ్రంగా, మెత్తగా నోటిని నింపుతుంది. 1855లో పారిస్ ప్రదర్శన కోసం మూడవ నెపోలియన్ కోరగా, బోర్దో దళారులు అప్పటి ధరలను బట్టి మెదోక్ ఎస్టేట్లను ఐదు తరగతులుగా విభజించారు. మొదటి తరగతిలో లాఫిట్, లాతూర్, మార్గోలతో పాటు మెదోక్ బయటి ఓ-బ్రియోన్ కూడా చేరింది. 1973లో మూతోన్ రోత్‌షిల్డ్‌ను రెండవ తరగతి నుంచి మొదటి తరగతికి పెంచడం తప్ప ఆ వరుస ఇంచుమించు అలాగే నిలిచి ఉంది. అమ్మకపు ధరలు చూసి వేసిన పట్టికను నాణ్యతకు శాశ్వత ప్రమాణంగా భావించడం ఎంతవరకు సబబన్నది ఆలోచించవలసిన విషయమే.

బోర్దోకు దక్షిణంగా సోతెర్న్ దగ్గర శరదృతువులో చల్లని సిరోన్ ఏరు వెచ్చని గారోన్ నదిలో కలిసే చోట తెల్లవారుజామున పొగమంచు కమ్ముతుంది. ఆ తేమకు ద్రాక్షల మీద బోట్రైటిస్ అనే బూజు పడుతుంది. మధ్యాహ్నపు ఎండ దాన్ని అదుపులో ఉంచుతుంది. బూజు తొక్కకు సన్నని రంధ్రాలు చేయగా పండులోని నీరు ఆవిరై, చక్కెర, ఆమ్లం, పరిమళం చిక్కబడతాయి. చూపుకు కుళ్లినట్టుండే ఈ పండ్లను పనివారు వారాల పాటు మళ్లీ మళ్లీ తోటలోకి వెళ్లి ఒక్కొక్కటిగా ఏరుతారు. ఇక్కడి షాతో దికెమ్ ఎస్టేటు, పంట తన స్థాయికి తగినట్టు రాలేదని 2012లో తన పేరుతో వైన్ విడుదల చేయలేదు. బోర్దో పేరు నేరేడుపండు రంగు ఎర్ర వైన్లకే పరిమితమనుకునేవారు, ఎండు ఖర్జూరం, కుంకుమపువ్వు, నారింజ తొక్క పరిమళాలతో, తేనెలాంటి చిక్కదనంతో, ఆ తీపిని వెగటు కానీయని పులుపుతో ఉండే సోతెర్న్‌ను ఒక్కసారైనా రుచి చూడాలి.

ఉత్తరాన, చలి ఎక్కువైన షాంపేన్ ప్రాంతంలో శీతాకాలపు చలికి ఆగిపోయిన పులవడం వసంతంలో మళ్లీ మొదలై సీసాల్లో బుడగలు పుట్టేవి. మొదట్లో అది లోపంగానే ఎంచబడేది. 1668 నుంచి 1715 వరకు ఓవిలేర్ మఠంలో వైన్ భాండాగారాన్ని చూసిన పియెర్ పెరిన్యోన్ అనే సన్యాసి షాంపేన్‌ను కనిపెట్టాడన్న ప్రచారం నిజం కాదు. వేర్వేరు చేల పండ్లను నేర్పుగా కలపడంలో ఆయన నిపుణుడు. పీనో న్వార్, మునియే, షార్దొనే ద్రాక్షల వైన్లను కలిపి, చక్కెర, ఈస్టు చేర్చి సీసాలో బిగిస్తే రెండోసారి పులిసి, లోపల సుమారు 6 వాతావరణాల ఒత్తిడి ఏర్పడుతుంది. కనీసం 15 నెలల మొత్తం నిలవ కాలంలో అధికభాగం చనిపోయిన ఈస్టు మీద వైన్ విశ్రమించి, వేడి రొట్టె, వేయించిన బాదం వాసనలను సంతరించుకుంటుంది. ఈ మడ్డిని మూతి దగ్గరకు చేర్చి తీసేసే పద్ధతిని 19వ శతాబ్దం తొలి భాగంలో వితంతువైన మదాం క్లికో సంస్థ రూపొందించింది. గ్లాసులో బుడగలు పైకి లేచి పగిలినప్పుడు ఎగిరే సూక్ష్మబిందువులు సువాసనను ముక్కు దగ్గరకు మోసుకొస్తాయని రాంస్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త జెరార్ లిజే-బెలేర్ పరిశోధనలు చూపాయి. చెవికి వినబడే ఆ సన్నని సవ్వడికీ పరిమళానికీ ఇంత దగ్గర సంబంధం ఉంది.

మిగిలిన ప్రాంతాలలో రోన్ లోయ ఉత్తర భాగం సిరాకు, దక్షిణ భాగం గ్రెనాష్‌కు నిలయం. 14వ శతాబ్దంలో పోపులు అవిన్యోన్‌లో ఉన్న కాలంలో వారి వేసవి కోట వెలసిన షాతోనెఫ్-ద్యు-పాప్ దగ్గర తోటల నేలను పెద్ద గుండ్రని రాళ్లు కప్పి ఉంటాయి. లువార్ నది వెంట సముద్రం దగ్గర మ్యూస్కదే, ఎగువన సోవిన్యో బ్లాన్ నుంచి సాన్సెర్, నడుమ షెనిన్ బ్లాన్ నుంచి తీపి లేనిది మొదలు అతి తీపి వరకు అన్ని రకాల వూవ్రే లభిస్తాయి. అల్సాస్‌లో మాత్రం ద్రాక్ష పేరే సీసా మీద రాస్తారు. ప్రొవాన్స్ రోజేకు, లాంగ్‌డాక్ విస్తారమైన తోటలకు ప్రసిద్ధి. తూర్పు కొండల్లోని జూరా చిన్నదే అయినా అక్కడి పసుపు వైన్ ప్రత్యేకంగా చెప్పుకోదగినది. సావాన్యెన్ ద్రాక్ష వైన్‌ను పీపాలో నింపి, తగ్గినదాన్ని భర్తీ చేయకుండా, పైన ఈస్టు పొర కట్టనిచ్చి ఆరేళ్ల మూడు నెలలు ఉంచి, 62 సెంటీలీటర్ల పొట్టి సీసాల్లో పోస్తారు. దానిలో ప్రధానంగా తెలిసే సోటొలోన్ అనే సుగంధ పదార్థమే మెంతుల వాసనకూ కారణం; పోపుల డబ్బా పరిచయమున్న తెలుగువారి ముక్కు ఆ వైన్‌ను చాలామంది ఐరోపావారి కంటే త్వరగా గుర్తుపట్టగలదు.

పేరుకు చట్టం

ఈ ఊరి పేర్లకు చట్టరక్షణ రావడానికి ఒక పెద్ద విపత్తు కారణమైంది. 1860ల్లో అమెరికా నుంచి వచ్చిన మొక్కలతో పాటు ఫిలోక్సెరా అనే, పేనుబంకకు దగ్గరి సంబంధమున్న కంటికి ఆనని పురుగు ఫ్రాన్సులో ప్రవేశించి ద్రాక్షవేళ్లను తినసాగింది. 1868లో మోంపెలియే శాస్త్రవేత్త ప్లాంషోన్, ఆయన సహచరులు దాన్ని గుర్తించారు. 1875లో 8.4 కోట్ల హెక్టోలీటర్లుగా ఉన్న దేశపు వైన్ ఉత్పత్తి (హెక్టోలీటరు అంటే 100 లీటర్లు) 1889 నాటికి 2.3 కోట్లకు పడిపోయింది. ఆ పురుగును తట్టుకోగల అమెరికా ద్రాక్ష వేరుమొక్క మీద ఫ్రెంచి కొమ్మను అంటుకట్టడం ద్వారా తోటలు మళ్లీ బతికాయి. నేటికీ ఆ దేశంలోని తోటల్లో అత్యధికభాగం అంటుమొక్కలే.

ఆ వైన్ కొరత కాలంలో ఎండుద్రాక్షను నానబెట్టి, చక్కెర కలిపి చేసిన నకిలీ వైన్, పేరున్న ఊళ్ల పేర్లతో అమ్మిన పరాయి వైన్ విపణిని ముంచెత్తాయి. వైన్ అంటే తాజా ద్రాక్ష పులియగా వచ్చినదే కావాలని 1889లో చట్టం చేసినా మోసం ఆగలేదు. ధరలు కూలిపోయి 1907లో లాంగ్‌డాక్ రైతులు లక్షల సంఖ్యలో వీధుల్లోకి వచ్చారు. నార్బోన్‌లో సైన్యం కాల్పులకు కొందరు బలయ్యారు. 1911లో షాంపేన్‌లో బయటి ద్రాక్ష తెప్పిస్తున్న వర్తకుల గిడ్డంగుల మీద రైతులు దాడిచేశారు. షాతోనెఫ్-ద్యు-పాప్‌కు చెందిన లెర్వా అనే న్యాయవాది తన ఊరి రైతులను కూడగట్టి 1923లో ఏ నేలలో, ఏ ద్రాక్షతో, ఎంత ఆల్కహాల్‌తో చేసిన వైన్‌కు ఆ పేరు చెల్లుతుందో నియమాలు రాయించాడు. ఆ నమూనా ఆధారంగా, సెనేటరు జోజెఫ్ కాప్యూ కృషితో 1935లో అపెలాసియాన్ దొరిజీన్ కోంత్రోలే, అంటే జన్మస్థానాన్ని బట్టి పేరు పెట్టే నియంత్రిత విధానం అమలులోకి వచ్చింది. హద్దులు, ద్రాక్ష రకాలు, హెక్టారుకు మించకూడని దిగుబడి, కనీస ఆల్కహాల్, నిలవ కాలం అన్నీ ఇందులో నిర్ణయమై ఉంటాయి. ఇలా రక్షణ పొందిన వైన్ పేర్లు నేడు 350కి పైగా ఉన్నాయి. భారతదేశంలో భౌగోళిక గుర్తింపు పొందుతున్న పంటలకు, చేతివృత్తులకు మూలభావన ఇదే. దీనికి దిగువన నియమాలు కొంత సడలిన ప్రాంతీయ వైన్లు, వాటి తర్వాత దేశం పేరు మాత్రమే ఉండే వైన్లు వస్తాయి. పై తరగతి ముద్ర కనీస నియమాలకు హామీయే గాని రుచికి హామీ కాదు.

బల్ల దగ్గర

సీసా మీద ఊరి పేరు, పంట సంవత్సరం, ఉత్పత్తిదారుని పేరు అన్న మూడింటిని చదవగలిగితే మొదలుపెట్టడానికి చాలు. పంట సంవత్సరానికి ఉత్తరాది ప్రాంతాల్లో విలువ ఎక్కువ, ఎందుకంటే అక్కడ మంచు, వాన ఒక్క వారంలో పంటను మార్చేయగలవు. తీపి లేని తెల్ల వైన్‌ను 8 నుంచి 12 డిగ్రీల మధ్య, తేలికపాటి ఎర్ర వైన్‌ను 12 నుంచి 15, బరువైన ఎర్ర వైన్‌ను 16 నుంచి 18 డిగ్రీల మధ్య తాగితే వాటి గుణం తెలుస్తుంది. ఎర్ర వైన్‌ను గది వేడిలో ఉంచాలన్న సలహా చలిదేశపు రాతి ఇళ్లకు వర్తించేది. 30 డిగ్రీల గదిలో ఆల్కహాల్ ఘాటు తప్ప మరేదీ మిగలదు. రెండు వైన్లను పక్కపక్కన పెట్టి పోల్చడం కంటే మంచి పాఠం లేదు: ఒకే షార్దొనేతో చేసిన షబ్లీని, మెర్సో గ్రామపు వైన్‌ను వరుసగా చూస్తే ఒకటి సుద్దరాయిలా శుభ్రంగా, మరొకటి వెన్నలా ఎలా ఉంటుందో మాటల అవసరం లేకుండా తెలుస్తుంది.

తిండితో జత కలపడంలో చాలా నియమాలు స్థానిక అలవాట్ల నుంచి పుట్టాయి. సాన్సెర్‌కు ఆ పక్క ఊరి మేకపాల జున్ను, మ్యూస్కదేకు దగ్గరి సముద్రపు ఆల్చిప్పలు, సోతెర్న్‌కు ఉప్పటి రోక్‌ఫోర్ జున్ను సహజంగా నప్పుతాయి. మిరపకారం టానిన్ల వగరును, ఆల్కహాల్ మంటను రెట్టింపు చేస్తుంది కాబట్టి, గోంగూర మాంసం వంటి కారం, పులుపు కలిసిన వంటకాల పక్కన గట్టి బోర్దో దెబ్బతింటుంది. కొద్దిపాటి తీపి మిగిలి, చల్లగా ఉన్న అల్సాస్ రీజ్లింగ్ లేదా వూవ్రే వాటికి తట్టుకొని నిలబడుతుంది.

నేటి స్థితి

1976లో పారిస్‌లో పేర్లు దాచి జరిపిన పోటీలో ఫ్రెంచి న్యాయనిర్ణేతలే కాలిఫోర్నియా వైన్లకు మొదటి స్థానాలు ఇవ్వడం ఫ్రాన్సు ఆధిపత్యభావాన్ని కదిలించింది. స్వదేశంలో వాడకమూ తగ్గింది. 1960ల్లో మనిషికి ఏటా 100 లీటర్లకు పైగా ఉన్నది నేడు సుమారు 40 లీటర్ల దగ్గరకు వచ్చింది. రోజువారీ నీళ్లకు బదులు తాగే చవక వైన్ కనుమరుగై, అప్పుడప్పుడు ఎంచుకొని తాగే అలవాటు మిగిలింది. 1991 నాటి ఎవెన్ చట్టం మద్యం ప్రకటనలను కట్టడి చేసింది. ఆల్కహాల్ కాన్సర్ కారకమని, ఆరోగ్యానికి హాని చేయని మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది. ఎర్ర వైన్ గుండెకు మేలుచేస్తుందన్న పాత నమ్మకాన్ని పట్టుకొని తాగడం సరికాదు. వృత్తిరీత్యా రుచి చూసేవారు వైన్‌ను నోటిలో తిప్పి ఉమ్మివేస్తారు. ఇంద్రియజ్ఞానానికి మింగవలసిన అవసరం లేదనడానికి వారి పద్ధతే తార్కాణం.

వాతావరణ మార్పు మరింత లోతైన సవాలు. బర్గండీలోని బోన్ పట్టణంలో 1354 నుంచి 2018 వరకు ద్రాక్షకోత తేదీలను సేకరించిన పరిశోధకులు, 1988 తర్వాత కోత సగటున 13 రోజులు ముందుకు జరిగిందని తేల్చారు. పండులో చక్కెర పెరిగి, ఆల్కహాల్ పెరిగి, పులుపు తగ్గుతోంది. మొగ్గలు ముందుగా వచ్చి వసంతపు మంచుకు మాడుతున్నాయి. ఒక నేలకు ఒక ద్రాక్ష అన్న శతాబ్దాల ఒప్పందం ఇక్కడే కదిలిపోతోంది. పోర్చుగల్‌కు చెందిన తురీగా నాసియొనాల్‌తో సహా వేడిని తట్టుకునే కొత్త రకాలను బోర్దోలో ప్రయోగాత్మకంగా నాటడానికి 2021లో అనుమతి లభించింది. అయితే అవి తోట విస్తీర్ణంలో 5 శాతాన్ని, తుది మిశ్రమంలో 10 శాతాన్ని మించకూడదన్న షరతు విధించారు.